లోతైన జేసన్‌ను గో భాషలో ఎట్ల పట్టుకోవాలి: మిర్యాలగూడ నుంచి ఒక జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మహబూబ్‌నగర్‌లో పని చేస్తున్నారు, ఇన్నాళ్ళు పైథాన్ రాసి ఇప్పుడు గో భాషలోకి వచ్చారు. వడ్ల కొనుగోలు వివరాలు పంపే ఒక సర్వీస్ నుంచి జేసన్ (కీ అనే పేరు, దాని విలువ జతలుగా డేటా పంపే టెక్స్ట్ రూపం) వస్తది. అందులో జిల్లా, జిల్లా కింద మండలాలు, మండలం కింద కొనుగోలు కేంద్రాలు, కేంద్రం కింద ట్రక్ షీట్లు (ఒక్కో లారీ లోడు వివరాల చీటీలు), ఒక్కో షీట్ కింద తేమ శాంపిళ్ళు. పైథాన్‌లో వరుసగా బ్రాకెట్లు పెట్టి ఒక్క లైన్లో తీసే తేమ విలువకు గోలో ప్రతి పొర దగ్గరా టైప్ అసర్షన్ (ఈ విలువ ఫలానా టైపుదే అని చెప్పి తీయడం) రాయాల్సి వస్తున్నది. పోనీ మొత్తానికి స్ట్రక్ట్‌లు (ఏ ఫీల్డ్‌కు ఏ టైపో ముందే రాసిపెట్టే నిర్మాణాలు) రాద్దామంటే ఫీల్డులు వందల్లో ఉన్నయి. చివరికి "స్టాటిక్ టైప్ భాషలు (గో లాగా టైపులు ముందే ఖాయం చేయాల్సినవి) ఈ పనికి సరిపోవా? వేరే భాషకు మారాలా?" అని అడిగారు.

సరిపోతయి. నేను మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లులకు కాంటా, స్టాక్ లెక్కల సాఫ్ట్‌వేర్ రాస్తుంట, గోలోనే. రోజూ ఇట్లాంటి జేసన్‌తోనే పని. నేను చెప్పేది ఒక్కటే: బయటి జేసన్ ఏ ఆకారంలో వస్తదో ఆ ఆకారాన్ని మీ ప్రోగ్రాం లోపలికి తేకండి. మిల్లు గేటు దగ్గర లారీని కాంటా మీద పెట్టి, తేమ చూసి, చీటీ రాసి లోపలికి పంపుతరు. లోపల ఎవరూ మళ్ళీ బస్తా విప్పి తేమ చూడరు, చీటీ చూస్తరు. మీ కోడ్‌లో కూడా జేసన్‌ను చదివేది, అనుమానించేది, తిరస్కరించేది ఒక్క చోటే జరగాలి. అక్కడి నుంచి లోపలికి పోయేది మీ సొంత టైపు. మీరు పడుతున్న తిప్పలంతా ఎందుకంటే, ఆ అనుమానాన్ని ప్రోగ్రాం అంతటా మోస్తున్నారు.

కోడ్ బ్లాకులు అతికించడం లేదు. పేర్లు చెప్త, డాక్యుమెంటేషన్‌లో అన్నీ దొరుకుతయి.

ముందు మీరు ఇప్పుడు చేస్తున్న పద్ధతి సంగతి. స్ట్రింగ్ నుంచి ఎనీకి పోయే మ్యాప్‌లోకి (స్ట్రింగ్ కీ ఇస్తే ఏ టైపు విలువైనా ఇచ్చే పట్టిక, పైథాన్ డిక్ట్ లాంటిది) అన్‌మార్షల్ చేస్తే, అంటే జేసన్‌ను చదివి నింపితే, ప్రతి ఆబ్జెక్టూ అట్లాంటి మ్యాపే అయితది, ప్రతి అర్రే ఎనీల స్లైస్ (గోలో జాబితా) అయితది, ప్రతి అంకే ఫ్లోట్64 (దశాంశ అంకెల టైపు) అయితది. (ఈ 'ఎనీ' పేరు 2022 మార్చిలో వచ్చిన గో 1.18తో వచ్చింది. పాత కోడ్‌లో ఖాళీ ఇంటర్‌ఫేస్ అని కనిపిస్తది, రెండూ ఒకటే.) ఇది ఎందుకూ పనికిరాదని అనను. కొత్త సర్వీస్ ఏం పంపుతున్నదో తడిమి చూడటానికి ఇదే బాగుంటది. అప్పుడు కూడా పొర పొరకూ ఇఫ్ రాయనక్కర లేదు. రెండు విలువలిచ్చే అసర్షన్ వాడి రెండోదాన్ని అండర్‌స్కోర్‌తో వదిలేయండి. అసర్షన్ తప్పితే వచ్చేది నిల్ మ్యాప్, అంటే ఏమీ లేని మ్యాప్. గోలో నిల్ మ్యాప్ నుంచి చదివితే పానిక్ (ప్రోగ్రాం కూలడం) కాదు, ఖాళీ విలువ వస్తది. కాబట్టి వరుసగా దిగిపోయి, చివరి మెట్టు దగ్గర ఒక్కసారి తనిఖీ చేస్తే చాలు. నిల్ మ్యాప్‌లోకి రాస్తే మాత్రం పానిక్ ఖాయం.

పెద్ద డాక్యుమెంట్ నుంచి రెండు మూడు విలువలే కావాలంటే జీజేసన్ లాంటి లైబ్రరీ ఉంది. చుక్కలతో దారి రాస్తే విలువ ఇస్తది. అయితే దారి తప్పుగా రాసినా నోరెత్తదు, సున్నా ఇస్తది. విలువ నిజంగా ఉందా లేదా అని ఎగ్జిస్ట్స్ అన్న ఫంక్షన్‌తో అడిగి తీరాలి.

ఇక అంకెలు. వడ్ల వ్యాపారంలో కిలో అటూ ఇటూ అయితేనే గొడవ, కాబట్టి ఇది జర నిదానంగా చదవండి. ఫ్లోట్64 పూర్ణాంకాలను 2 ఘాతం 53 వరకే, అంటే 9007199254740992 వరకే, ఒక్కటీ తప్పకుండా పట్టుకోగలదు. 9007199254740993 అనే ట్రక్ షీట్ నంబర్ వచ్చిందనుకోండి, ఎనీ గుండా చదివితే చివర 3 పోయి 2 అయితది. ఎర్రర్ రాదు. రెండు లారీలకు ఒకే నంబర్ పడ్డ రోజు తెలుస్తది. జేసన్ ప్రమాణం, 2017 నాటి ఆర్ఎఫ్‌సీ 8259, అంకెలు ఎంత పెద్దవి ఉండాలో హద్దు పెట్టదు. ఈ పరిధి దాటితే అందరూ ఒకే తీరుగా చదువుతారన్న నమ్మకం లేదని మాత్రం చెప్తది. తప్పు గోది కాదు, ఫ్లోట్ గుండా పోవడంది. అదే నంబర్‌ను స్ట్రక్ట్‌లో ఇంట్64 ఫీల్డ్‌లోకి చదివితే అక్షరాల నుంచి నేరుగా పూర్ణాంకం అయితది, ఏమీ పోదు. మ్యాప్ తప్పదంటే డీకోడర్ (జేసన్ చదివే భాగం) మీద యూజ్‌నంబర్ పెట్టండి, అంకెలు ఫ్లోట్ కాకుండా వచ్చిన అక్షరాలుగానే ఉంటయి.

బ్యాంకు ఖాతా నంబర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్ ఇవి అంకెల్లా కనిపిస్తయి కానీ మనం వాటిని కూడేది లేదు, తీసేసేది లేదు. జేసన్‌లో అంకె ముందు సున్నా పెట్టడానికే వీల్లేదు, కాబట్టి సున్నాతో మొదలయ్యే ఖాతా నంబర్‌ను ఎవరైనా అంకెగా పంపితే ఆ సున్నా అప్పటికే పోయిందన్నట్టు. పంపేవాళ్ళతో మాట్లాడి స్ట్రింగ్‌గా తెప్పించుకోండి. రైతుకు డబ్బు పడాల్సిన చోట ఊహలు పనికిరావు.

ఇప్పుడు మీ అసలు భయం, వందల ఫీల్డులు. అన్నీ రాయమని ఎవరన్నరు? గో అన్‌మార్షల్ మీ స్ట్రక్ట్‌లో లేని కీలను చప్పుడు చేయకుండా వదిలేస్తది. మీకు కావాల్సింది కేంద్రం కోడ్, షీట్ నంబర్, లారీ నంబర్, బస్తాలు, తూకం, తేమ, తరుగు అయితే, అవి దొరికే దారి వరకే స్ట్రక్ట్‌లు రాయండి. నేను రాసే బయటి స్ట్రక్ట్‌లు అసలు డాక్యుమెంట్‌లో పదో వంతు కూడా ఉండవు. ఒక్కసారి వాడి పారేసేదైతే పేరు లేని స్ట్రక్ట్‌ను లోపలే ఇరికించవచ్చు. కానీ ట్రక్ షీట్ లాగా మళ్ళీ మళ్ళీ లూప్ తిప్పేదానికి పేరు పెట్టండి, లేకపోతే దానికి ఒక ఫంక్షన్ రాయాలన్నా, టెస్ట్ రాయాలన్నా ఆ ఆకారమంతా తిరిగి టైప్ చేయాల్సి వస్తది.

నమూనా జేసన్ అతికిస్తే స్ట్రక్ట్ తయారు చేసి ఇచ్చే పనిముట్లు ఉన్నయి, నేనూ వాడుత. వాటికి తెలిసింది మీరు అతికించిన ఆ ఒక్క నమూనానే అని గుర్తుంచుకోండి. నమూనాలో తేమ 17 అని ఉంటే అది ఇంట్ అని రాస్తది. మరుసటి లారీకి 16.8 వచ్చిందంటే ఆ ఫీల్డ్ కాడ ఎర్రర్. నమూనాలో ఖాళీగా ఉన్న అర్రేకు, నల్ (విలువ లేదన్న గుర్తు) ఉన్న ఫీల్డ్‌కు టైపు తెలియక మళ్ళీ ఎనీ పెట్టేస్తది. అందుకే ఒక్క లారీది కాకుండా, సీజన్ మొదట్లోవి, చివరివి, తిరస్కరించినవి, సగంలో ఆగినవి, ఇట్ల నాలుగు రకాల నమూనాలు ముందేసుకుని చేత్తో సరిదిద్దండి. ఈ పనికి మీకు గంట పట్టొచ్చు. ఆ గంట వడ్లు కొనే సీజన్‌లో దొరకదు, ఇప్పుడే పెట్టండి.

కొత్తగా వచ్చినవాళ్ళకు తగిలే మొదటి దెబ్బ: ఫీల్డ్ పేరు చిన్న అక్షరంతో మొదలైతే జేసన్ ప్యాకేజీకి అది కనిపించదు. ఎర్రర్ ఉండదు, ఫీల్డ్ ఖాళీగా ఉంటది. పెద్ద అక్షరంతో పేరు పెట్టి, ఫీల్డ్ పక్కన రాసే ట్యాగ్‌లో అసలు కీ రాయాలి.

ఇక్కడ మన భాషకు సంబంధించిన ఒక తమాషా ఉంది, ఇంగ్లీషులో రాసే జవాబుల్లో ఇది మీకు దొరకడం కష్టం. మీ సర్వీస్ కీలు తెలుగులోనే పంపుతున్నదనుకోండి (మిల్లుల్లో వాడే లోకల్ సాఫ్ట్‌వేర్లలో నాకు ఎదురైంది). ట్యాగ్‌లో "ధర" అని రాస్తే పని చేస్తది. "తేమ" అని రాస్తే చేయదు. కారణం: గో పాత జేసన్ ప్యాకేజీ (కొత్తదాని సంగతి చివర్లో చెప్త) ట్యాగ్‌లోని పేరులో యూనికోడ్ అక్షరాలు, అంకెలు, కొన్ని విరామ చిహ్నాలనే ఒప్పుకుంటది. ధ, ర రెండూ యూనికోడ్ లెక్కలో అక్షరాలే. కానీ ఏత్వం, పొల్లు, సున్నా ఇవి అక్షరాలు కావు, అక్షరానికి అంటుకునే గుర్తులు. ఒక్క గుర్తు ఉన్నా ఆ ట్యాగ్ పేరును పట్టించుకోకుండా ఫీల్డ్ పేరుకే పోతది. "గ్రామం", "మండలం", "తూకం" ఏదీ దొరకదు. దీనికి దారి: ఆ పొర వరకు స్ట్రింగ్ నుంచి రామెసేజ్‌కు (ఇంకా విప్పని జేసన్ ముక్కకు) పోయే మ్యాప్‌లోకి చదివి, అందులో నుంచి ఒక్కో కీ చేత్తో తీయడం. మ్యాప్ కీలకు ఈ పట్టింపు లేదు, ఏ తెలుగు మాటైనా సరే. ఇక బ్యాక్‌స్లాష్ యూతో మొదలై నాలుగు హెక్స్ అంకెలతో (అంకెలు, ఇంగ్లీషు అక్షరాలు కలిపి) తెలుగు వస్తే కంగారు పడకండి, పైథాన్ మామూలుగా అట్లనే రాస్తది, చదివాక తెలుగే అయితది.

లేకపోవడం, నల్, సున్నా ఈ మూడూ వేరు వేరు. మన పనిలో మంచి ఉదాహరణ తరుగు. తరుగు 0 అని వస్తే కోత లేదని అర్థం, రైతు సంతోషంగా ఇంటికి పోతడు. తరుగు కీ రాలేదంటే ఇంకా తేల్చలేదని అర్థం. మామూలు ఫ్లోట్ ఫీల్డ్ పెడితే రెండూ 0 అయిపోతయి. పాయింటర్ (విలువ ఉన్న చోటును చూపేది, ఏమీ చూపకపోతే నిల్) పెడితే రానిదీ, నల్‌గా వచ్చిందీ నిల్ అవుతయి, వచ్చిన సున్నా సున్నాగానే ఉంటది. అట్లని అన్ని ఫీల్డులకూ పాయింటర్లు పెట్టి కోడ్ నిండా నక్షత్రాలు (పాయింటర్ గుర్తులు) చల్లకండి. "సున్నా అన్నది నిజమైన విలువేనా?" అని ప్రతి ఫీల్డ్‌ను అడగండి. బస్తాల సంఖ్య 0 ఉన్న ట్రక్ షీట్‌కు అర్థమే లేదు, దానికి పాయింటర్ అక్కర లేదు, 0 వస్తే తిప్పి పంపడమే.

నల్ గురించి ఇంకోటి: అంకె, స్ట్రింగ్ లాంటి మామూలు ఫీల్డ్‌కు జేసన్‌లో నల్ వస్తే గో దాన్ని సున్నా చేయదు, ముట్టుకోకుండా వదిలేస్తది. రాని కీకి కూడా అంతే. కాబట్టి వేరియబుల్‌ను లూప్ బయట ఒక్కసారి ప్రకటించి, లోపల దాంట్లోకే ప్రతి లారీనీ చదివితే, తేమ రాని లారీకి ముందు లారీ తేమ అంటుకుంటది. కేంద్రాల్లో తేమ 17 శాతం దాటిందా లేదా అన్నదాని మీదే పంచాయితీ అంతా. ప్రకటన లూప్ లోపల పెట్టండి.

ఇక ఆకారం మార్చే జేసన్. షీట్ కింద శాంపిల్ ఒక్కటే ఉంటే ఆబ్జెక్ట్‌గా, రెండు మూడు ఉంటే అర్రేగా వస్తుంటది. వెనుక ఎక్కడో ఎక్స్ఎంఎల్ నుంచి మార్చి పంపేచోట ఇది మామూలు. పీహెచ్‌పీ వెనుక ఉంటే ఇంకో రకం: నిండుగా ఉన్నప్పుడు ఆబ్జెక్ట్, ఖాళీ అయితే ఖాళీ అర్రే. డైనమిక్ భాషలో దీన్ని ఎక్కడికక్కడ ఇఫ్‌లతో నెట్టుకొస్తరు. ఇక్కడ టైపులు మనకు మేలు చేస్తయి. శాంపిళ్ళకు సొంత స్లైస్ టైపు పెట్టి, దానికి అన్‌మార్షల్‌జేసన్ మెథడ్ రాయండి. ఖాళీలు తీసేసి మొదటి బైట్ చూస్తే చాలు: చదరపు బ్రాకెట్ అయితే స్లైస్‌గా, మీసాల బ్రాకెట్ అయితే ఒక్కదాన్ని చదివి స్లైస్‌లో పెట్టి ఇవ్వండి. ఆ తర్వాత మీ ప్రోగ్రాంలో శాంపిళ్ళు ఎప్పుడూ స్లైసే. ఒక జాగ్రత్త: ఆ మెథడ్ లోపల మళ్ళీ అదే టైపులోకి అన్‌మార్షల్ చేస్తే తనను తాను పిలుచుకుంటూ స్టాక్ నిండిపోతది. లోపల వేరే పేరుతో అదే ఆకారం ఉన్న టైపు ప్రకటించి దాంట్లోకి చదవాలి.

"రకం" అనే ఫీల్డ్‌ను బట్టి మిగతా ఆకారం మారేటట్టు ఉంటే రెండు దశల్లో చదవండి. మొదటి దశలో రకాన్ని చదివి, మిగతాది రామెసేజ్‌గా అట్లనే దాచుకోండి. రెండో దశలో రకం చూసి సరైన స్ట్రక్ట్‌లోకి. కీలే డేటా అయిన చోట, అంటే ఊరి పేర్లో తేదీలో కీలుగా వచ్చే చోట, స్ట్రింగ్ నుంచి మీ స్ట్రక్ట్‌కు పోయే మ్యాప్ సరిపోతది. మ్యాప్ తిప్పేటప్పుడు గో ఒక వరుస పాటించదు, రిపోర్టు ప్రింట్ చేసేముందు కీలను సార్ట్ చేయండి.

ఇప్పుడు లోపలి టైపు. మీ జేసన్‌లో జిల్లా పైన, మండలం కింద అన్నారు కదా. ఆ గూడును అట్లనే లోపల కట్టుకుంటే ఏమైతదో మన జిల్లాలే చెప్తయి. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయినప్పుడు భువనగిరి నల్లగొండ నుంచి యాదాద్రికి పోయింది, షాద్‌నగర్ మహబూబ్‌నగర్ నుంచి రంగారెడ్డికి పోయింది. మక్తల్ అప్పుడు మహబూబ్‌నగర్‌లోనే ఉండి, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట జిల్లా ఏర్పడితే అటు పోయింది. పాత సీజన్ల లెక్కలు, కొత్తవి పక్కపక్కన పెట్టాలంటే జిల్లా మ్యాప్‌లో మండలం మ్యాప్ అన్న నిర్మాణం చేతులెత్తేస్తది. ఏది దేని కింద ఉండాలన్నది పంపేవాళ్ళ అవసరం. మీ అవసరం వేరు. నేనైతే లోపల ఒక్కటే చదును స్ట్రక్ట్ పెడత: ఒక వరుస అంటే ఒక ట్రక్ షీట్, దాంట్లో కేంద్రం కోడ్, మండలం కోడ్, తేదీ, తూకం, తేమ, తరుగు. జిల్లా కావాలంటే మండలం కోడ్, తేదీ ఇచ్చి వేరే పట్టికలో అడుగుత.

బయటి స్ట్రక్ట్‌ల నుంచి ఈ చదును వరుసలు తయారుచేసే ఫంక్షన్ ఒక్కటే ఉండాలి. నాలుగు లూప్‌లు ఒకదాంట్లో ఒకటి, చూడటానికి అందంగా ఉండదు, ఉండనక్కర లేదు. తూకాన్ని కిలోల్లోకో గ్రాముల్లోకో పూర్ణాంకంగా మార్చడం, డబ్బును పైసల్లోకి మార్చడం, తేదీని టైమ్ టైపులోకి తేవడం, తేమ 0 నుంచి 100 మధ్య ఉందా చూడటం అన్నీ ఇక్కడే. దీన్ని దాటిన తర్వాత మీ ప్రోగ్రాంలో జేసన్ అన్న మాటే వినపడకూడదు. ట్యాగులు కూడా లోపలి స్ట్రక్ట్ మీద పెట్టకండి, ఒక్క ట్యాగ్ ఉందంటే ఎవరో ఒకరు దాంట్లోకే నేరుగా చదివేస్తరు.

ఎర్రర్ల సంగతి. టైపు కుదరకపోతే గో ఆ ఫీల్డ్‌ను వదిలి మిగతాది చదివి, మొదట తగిలిన తప్పును చివర్లో అన్‌మార్షల్‌టైప్‌ఎర్రర్‌గా ఇస్తది. దాంట్లో ఫీల్డ్ దారి, ఎన్నో బైట్ దగ్గర అన్నది ఉంటయి, రెండూ లాగ్‌లో రాయండి. అంతకుముందే, వచ్చిన జేసన్‌ను ముట్టుకోకుండా ఒక ఫైల్లో దాచండి. "మీరే తప్పుగా చదివారు" అని అవతలివాళ్ళు అన్న రోజు మీ చేతిలో ఉండే ఆధారం అదొక్కటే. దాచినవాటిలో కొన్ని టెస్ట్‌డేటా ఫోల్డర్‌లో పెట్టి, టెస్టుల్లో చదివించండి. డిస్అలౌఅన్‌నోన్‌ఫీల్డ్స్ (తెలియని కీ వస్తే ఎర్రర్ ఇచ్చే సెట్టింగ్) మాత్రం నడిచే సిస్టంలో ఆన్ చేయకండి, మీ స్ట్రక్ట్‌లో లేని కీ ఒక్కటి వచ్చినా పని ఆగుతది.

ఈ జేసన్ ప్యాకేజీకి రెండో వెర్షన్ 2025 ఆగస్టులో గో 1.25తో ప్రయోగంగా వచ్చింది. పాతది కీలలో పెద్దచిన్న అక్షరాల తేడా పట్టించుకోదు, ఒకే కీ రెండుసార్లు వచ్చినా ఊరుకుంటది. కొత్తది మామూలుగానే తేడా చూస్తది, రెండుసార్లు వస్తే ఎర్రర్ ఇస్తది. మీరు ఇప్పుడే మొదలుపెడుతున్నారు కాబట్టి పాతదాంతోనే పోండి.

వేరే భాషకు మారాలా అన్న మీ చివరి మాటకు. రస్ట్‌లో సెర్డ్ అన్న లైబ్రరీతో ఈ రకాల ఈనమ్‌లు (కొన్ని ఆకారాల్లో ఏదో ఒకటి పట్టే టైపులు) అందంగా వస్తయి, కాకపోతే ట్యాగ్ లేని ఈనమ్ విఫలమైతే ఏ వేరియంట్‌కూ కుదరలేదని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటది, ఎక్కడో వెతుక్కోవాలి. జావాలో జాక్సన్ అన్న జేసన్ లైబ్రరీకి పాత్ అన్న మెథడ్ ఉంది, గెట్ లాగా నల్ ఇచ్చి పడగొట్టదు. టైప్‌స్క్రిప్ట్‌లో యాజ్ అని రాసినంత మాత్రాన జేసన్‌కు ఆ టైపు రాదు, నడిచేటప్పుడు టైపులే ఉండవు. ఎక్కడికి పోయినా గేటు దగ్గరి పని మీదే. గోలోనే ఉండండి.

ఇంకా ఎక్కడైనా ఇరుక్కుంటే ఒక ట్రక్ షీట్ జేసన్ ఇక్కడ పెట్టండి, చూస్త. పెట్టేముందు రైతుల పేర్లు, ఖాతా నంబర్లు, ఫోన్లు తీసేయండి, కీలు మాత్రం మార్చకండి.